ఎర్ర ఆలన్ తాత మడమ గుంట

టొరంటో
18 సెప్టెంబరు 1977

ప్రియమైన ఎఫీ అక్కా,

నేను క్షేమం. నువ్వు కట్టిచ్చిన ఓట్స్ రొట్టెలు రైలు న్యూ బ్రన్స్‌విక్ దాటకముందే అయిపోయాయి. ఎదురు సీట్లో కూర్చున్న సన్యాసిని ఒకావిడ రెండు తినేసి, "ఇది తిన్నాక మళ్ళీ మా మఠం రొట్టె ఎలా తినాలయ్యా?" అని నన్నే నిష్ఠూరమాడింది.

మా బాండు పేరు ఖాయమైంది. "మెక్‌ఫీ వంటిల్లు". అందులో మెక్‌ఫీని నేనొక్కణ్ణే. హార్పు వాయించే గ్వెన్ వేల్స్ నుంచి వచ్చింది. పిల్లనగ్రోవి వాయించేవాడు ఐర్లాండువాడు. బూర ఊదే యానిక్‌ది ఫ్రాన్సులోని బ్రిటనీ. మన పెద్దలు స్కాట్లాండ్ నుంచి వచ్చారు కాబట్టి మేమందరం సెల్టులనే ఒక పాత జాతివాళ్ళమట, ఒకే రక్తమట. రికార్డు కంపెనీ తరఫున మమ్మల్ని నడిపించే బ్రాడ్లీ గారు (అదే, వేసవిలో మన వంటింట్లో నీ పియానో, నా ఫిడేలు విని కళ్ళు తుడుచుకున్నాడే, ఆయనే) మొదటిరోజు అందర్నీ వరసగా నిలబెట్టి, "మీరంతా ఒకే వంటింటి బిడ్డలు" అన్నారు. గ్వెన్‌కి గుడ్డు ఉడకబెట్టడం రాదు. యానిక్ ఏం మాట్లాడతాడో ఎవరికీ తెలియదు.

నువ్వు కోపం తెచ్చుకోకు. నిన్ను తీసుకోకపోవడానికి వేరే కారణం ఏమీ లేదు. పియానో సెల్టిక్ వాయిద్యం కాదట, అంతే.

ఇంకొక మాట. వాయించేటప్పుడు నా కాలు నేలమీద తాళం వేస్తుంది కదా, ఆ చప్పుడు రికార్డింగులో పడుతోందని నా మడమ కింద స్పాంజి దిండు పెట్టించారు. అలవాటైపోతుందన్నారు. అవుతుందిలే.

స్టేజి మీద అచ్చం మన వంటింటి లాంటిది కడుతున్నారు. అమ్మ కెటిల్, తాత కుర్చీ పంపుతావా?

నీ తమ్ముడు
లాకీ


గ్లెన్‌ఫిన్ రోడ్డు, కేప్ బ్రెటన్
2 అక్టోబరు 1977

ఒరేయ్ లాకీ,

ఫోను చేద్దామంటే మన లైను మీద ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి, ఎత్తితే అందరూ వింటారు. నువ్వు మోకాళ్ళు కనబడే గళ్ళ కిల్టు కట్టుకుని పేపర్లో పడ్డావన్న సంగతి వాళ్ళకింకా తెలియదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎర్ర ఆలన్ తాత జన్మలో తన మోకాళ్ళు డాక్టరుకి కూడా చూపించలేదు.

అమ్మ కెటిల్ పంపుతున్నాను. అడుగున చిల్లుంది. స్టేజి మీద నీళ్ళు కాగవు కాబట్టి మీకు పనికొస్తుంది. కుర్చీ కూడా పంపుతున్నాను. దాని కాలు ఊడిపోతుంది, లావుగా ఉన్నవాళ్ళని కూర్చోనివ్వకు.

మనం సెల్టులమని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇన్నాళ్ళూ కాథలిక్కులమనీ, లిబరల్ పార్టీకి ఓటేసేవాళ్ళమనీ మాత్రమే అనుకుంటున్నాను. ఫాదర్ కెనెత్‌ని అడిగితే, "నాకూ ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

ఇక పియానో. అరవై ఏళ్ళుగా అది మన వంటింట్లో పొయ్యి పక్కనే ఉంది. హార్పుని మాత్రం నేను చూసింది చర్చి కిటికీ అద్దంలోనే, దేవదూత చేతిలో. ఆ దేవదూత వాలకం చూస్తే వంట వచ్చినట్టు లేదు. మీ గ్వెన్ ఆవిడ బంధువేమో కనుక్కో. నాకు కోపమేమీ లేదు. శనివారాలు పాట వినడానికి జనం వస్తూనే ఉన్నారు, నా వేళ్ళకి తీరిక లేదు.

ఆ దిండు సంగతే నాకు నచ్చలేదు. తాత నీ చేతికి కమాను ఇవ్వకముందు ఒక చలికాలమంతా ఒట్టి కాలు ఆడించమన్నాడు, గుర్తుందా? ఎనిమిదేళ్ళ వెధవ్వి, ఏడ్చుకుంటూ ఆడించేవాడివి. నీ చేతికి దారి చూపించేది నీ కాలేనని ఆయనకి తెలుసు. ఆ బ్రాడ్లీకి తెలియదు. అన్నట్టు, ఆ రోజు అతను ఏడవలేదు. పొయ్యిలో కట్టె పచ్చిది, పొగ కళ్ళలో పడింది.

అక్క
ఎఫీ


టొరంటో
11 డిసెంబరు 1977

అక్కా,

రికార్డు పంపుతున్నాను. రెండోవైపు మూడో పాట చాలా బాగా వాయించావని మాత్రం రాయకు. అది నేను కాదు. అసలు ఆ వైపున ఎక్కడా నేను లేను. కంపెనీ వేరే ఫిడేలు మనిషిని పిలిపించి వాయించింది. అట్టమీద ఫోటో మాత్రం నాది.

నా చెయ్యి చచ్చిపోయింది అక్కా. ఇంతకంటే వేరే మాట దొరకడంలేదు. దిండు మీద మడమ పెడితే చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే కమాను ఎటు పోవాలో తెలియడంలేదు. చిన్నప్పటి నుంచి కళ్ళు మూసుకుని వాయించిన రీల్ డాన్సు పాట మధ్యలో ఆగిపోతున్నాను. యానిక్ జాలిపడి నా భాగం కూడా తన బూరమీద ఊదేస్తున్నాడు. అది వింటే తాత లేచొస్తాడు.

ఒకటి అడుగుతాను, కాదనకు. తాత కుర్చీ కిందుండే నేల చెక్క, మడమ గుంట పడ్డది, కోసి పంపు. తాత, నాన్న, నేను, మూడు తరాల కాలు పడ్డ చోటది. దానిమీద కాలు పెడితే నా చేతికి ప్రాణమొస్తుందని నమ్మకం. బ్రాడ్లీకి చెబితే ఎగిరి గంతేశాడు. కాలి చప్పుడు అతనికి పనికిరాదు గానీ, వారసత్వమైతే పనికొస్తుందట.

పక్కింటి రాడీ చేత కోయించు, అతని రంపం మంచిది. ఇది కూడా పనిచెయ్యకపోతే వచ్చే వేసవికి ఫిడేలు గోడకి తగిలించి టాక్సీ నడుపుకోవడమే.

లాకీ


గ్లెన్‌ఫిన్ రోడ్డు
8 జనవరి 1978

లాకీ,

చెక్క బస్సులో పంపాను. కడగొద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడొద్దు. ఎవరైనా వాసనేమిటని అడిగితే పాతదని చెప్పు.

నేల సంగతి అడక్కు, తివాచీ వేశాను.

ఓట్స్ రొట్టెలు కూడా పెట్టాను. చెక్కకి తగలకుండా వేరే మూట కట్టాను. ముందు రొట్టెల మూట విప్పు.

ఎఫీ


గ్లాస్గో, స్కాట్లాండ్
9 ఏప్రిల్ 1978

అక్కా! అక్కా!

ఎలా చెప్పనే! ఊరూరా తిరుగుతూ ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. జనవరిలోనే చెక్కమీద కాలు పెట్టాను. మొదటి దెబ్బకే చెయ్యి కదిలింది. నాలుగో వరసకి వచ్చేసరికి నేను ఎక్కడున్నానో మర్చిపోయాను. కమాను దానంతటదే పోతోంది. వాయించడం అయ్యాక చూస్తే గ్వెన్ ఏడుస్తోంది. అక్కడ పొయ్యి లేదు, పొగా లేదు, నిజంగానే ఏడ్చింది.

అప్పటి నుంచి రోజూ అంతే. స్పాంజి దిండు ఎటుపోయిందో తెలియదు. నా కాలికి విడిగా ఒక మైకు పెట్టారు! మొన్నటిదాకా చప్పుడన్న దాన్ని ఇప్పుడు "ఎర్ర ఆలన్ గుండె చప్పుడు" అని పోస్టర్ల మీద వేస్తున్నారు. చెక్కకి ఇత్తడి బిళ్ళ బిగించారు. ఇక్కడి యూనివర్సిటీ ప్రొఫెసరొకాయన భూతద్దంతో వచ్చి గుంట కొలిచి, అరుగుదల ఎడమ అంచున ఎక్కువుందనీ, అంటే ఎర్ర ఆలన్ ఎడమవైపు ఒరిగి వాయించేవాడనీ, అది పదిహేడో శతాబ్దపు పద్ధతనీ పత్రిక్కి వ్యాసం రాశాడు. తాత అలా ఒరిగేవాడని నేనెప్పుడూ గమనించనే లేదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఏం చూశానో!

నువ్వా చెక్క పంపకపోతే నేను మనిషిని కాకపోయేవాణ్ణి. ఈ మాట ఎదురుగా ఉంటే అనలేను, ఉత్తరం కాబట్టి రాస్తున్నాను.

ఇంకో సంతోషమైన వార్త. మామీద టీవీ సినిమా తీస్తున్నారు. మే పన్నెండున బ్రాడ్లీ కెమెరా వాళ్ళతో మన ఇంటికొస్తాడు. వంటింట్లో చెక్క కోసిన చోటుందిగా, ఆ గొయ్యిని కెమెరాలో తీస్తాడట. సినిమా దానితోనే మొదలవుతుందట. తివాచీ తీసి ఉంచు.

నీ లాకీ


గ్లెన్‌ఫిన్ రోడ్డు
19 ఏప్రిల్ 1978

లాకీ,

కూర్చుని చదువు.

వంటింట్లో గొయ్యి లేదు.

డిసెంబరులో రాడీ రంపం తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. అతను రంపం ఆనించగానే, "ఆగు" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. అతను టీ తాగి వెళ్ళిపోయాడు. కానీ నీ ఉత్తరం బల్లమీదే ఉంది. చెయ్యి చచ్చిపోయిందని రాశావు. ఏదో ఒకటి పంపకపోతే ఎలా?

నీకు పంపింది కోళ్ళగూటి గడప చెక్క.

ఆ గుంట తాతది కాదు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం కోళ్ళగూట్లోకి వెళ్ళేముందు, వచ్చేముందు నా రబ్బరు బూటు మడమ దానికేసి కొట్టి పేడ దులుపుకున్నాను. అలా పడింది. ఎడమవైపు అరిగిందంటే, 1951లో మంచుమీద జారిపడ్డప్పటి నుంచి నా ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. ఆ ప్రొఫెసర్‌కి నా తరఫున దండాలు చెప్పు. పదిహేడో శతాబ్దం అనేసరికి కొంచెం బాధేసింది, నాకింకా యాభై రెండే.

ముందే చెప్పాల్సింది. జనవరిలో చెబితే నువ్వు దానిమీద కాలే పెట్టేవాడివి కాదు. నీ సంబరం చదివాక అసలు నోరు రాలేదు. ఇప్పుడు చెబితే నీ చెయ్యి మళ్ళీ పడిపోతుందేమోనని ఈ ఉత్తరం మూడుసార్లు చించాను. కానీ మే పన్నెండున కెమెరా ముందు నీ పరువు పోవడం కంటే ఇదే నయమనిపించింది.

తిట్టాలంటే తిట్టు.

అక్క


కార్డిఫ్, వేల్స్
30 ఏప్రిల్ 1978

అక్కా,

చెక్క కోయించు. వంటింట్లోదే. వెంటనే.

పొరపాటు ఎవరిదో తర్వాత చూద్దాం. ఇత్తడి బిళ్ళ మీద తాత పేరుంది, పత్రికలో వ్యాసం ఉంది. బ్రాడ్లీకి తెలిస్తే పేపర్లకి తెలుస్తుంది. ఎర్ర ఆలన్ మనవడు కోళ్ళపేడ మీద కాలేసి మూడు దేశాల్ని మోసం చేశాడంటారు. రాడీని పిలు, కోయించు, కోసింది పొయ్యిలో పడేయ్, గొయ్యి చూపించు.

సాయంత్రం ఇక్కడ కచేరీ ఉంది. ఆ చెక్కమీదే కాలు పెట్టాలి. ఏమవుతుందో తెలియదు.

లాకీ


గ్లెన్‌ఫిన్ రోడ్డు
14 మే 1978

లాకీ,

వచ్చారు, వెళ్ళారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండో తారీకు పొద్దున్నే రాడీ రంపంతో వచ్చాడు. తివాచీ తీశాం. పెన్సిలు గీత కూడా గీశాడు. రంపం ఆనించి, నా వైపు చూడకుండా, "లాకీగాడు ఏడ్చుకుంటూ కాలాడించింది ఇక్కడే కదే ఎఫీ?" అన్నాడు. ముసలాడు కావాలనే అన్నాడు. "నువ్వా రంపం తీసుకుని ఇంటికెళ్ళు" అన్నాను. "టీ ఇవ్వవా?" అన్నాడు. ఇచ్చాను. నన్ను క్షమించరా, కోయలేకపోయాను.

అంతలోనే బ్రాడ్లీ బృందం దిగింది. ఐదుగురు మనుషులు, గుమ్మంలో పట్టనన్ని లైట్లు. బ్రాడ్లీ వంటిల్లంతా ఒకసారి కలయజూసి పెదవి విరిచాడు. ఫ్రిజ్ ఉండకూడదట. పియానో మీద దుప్పటి కప్పేశారు. టొరంటోలో కట్టిందే అసలైన వంటింటిలా ఉందట.

"మరి గొయ్యి ఏదమ్మా?" అన్నాడు.

"ఇక్కడ లేదు బాబూ. ఆ చెక్క కోళ్ళగూటిది."

"అంటే?"

"కోళ్ళగూటి గడప. గుంట పడింది నా బూటువల్ల. కావాలంటే బూటు తెచ్చి చూపిస్తాను."

అంతా అయిపోయిందనుకున్నాను. నీ పేరు, నీ బతుకు ఈ చేత్తోనే కూల్చాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి పొయ్యిలో కట్టె ఎండుది, పొగ లేదు.

"కోళ్ళగూడు!" అన్నాడు నెమ్మదిగా. "ఫిడేలు దెయ్యం వాయిద్యమని ఒకప్పుడు మీ చర్చి నిషేధించింది కదూ? అందుకని ఎర్ర ఆలన్ వంటింట్లో వాయించలేక, దొంగచాటుగా కోళ్ళగూట్లో..."

"తాత ఏనాడూ కోళ్ళగూట్లో కాలు పెట్టలేదయ్యా! ఆయనకి పుంజంటే భయం!"

"మీ ఇంట్లోవాళ్ళకి అలాగే చెప్పి ఉంటారు" అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "ఆయన్ని కాపాడుకోవడానికి."

"బూటు నాదయ్యా!"

"అవునమ్మా, అవును" అన్నాడు జ్వరం వచ్చినవాళ్ళని బుజ్జగించినట్టు.

రెండు గంటలు కోళ్ళగూటిని కెమెరాలో తీశారు. గడప లేని చోట ఒకతను బోర్లా పడుకుని తీశాడు. ఫాదర్ కెనెత్‌ని కూడా పట్టుకుని, చర్చి చేసిన అన్యాయానికి విచారిస్తున్నారా అని అడిగారు. ఆయన నా వైపు చూసి, "ఇప్పటికే మామీద చాలా ఉన్నాయి, ఇది కూడా వేసుకోండి" అన్నాడు. ఆయనా ఫిడేలు వాయిస్తాడన్న సంగతి ఎవరూ అడగలేదు.

కాబట్టి నీకేమీ భయం లేదు. నిజం చెప్పి చూశాను, ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ లైట్ల వేడికి కోళ్ళు మాత్రం రెండ్రోజులుగా గుడ్లు పెట్టడంలేదు.

ఇంకో నిజం కూడా రాసేస్తాను, ఎలాగూ మొదలెట్టాను కనుక. శనివారాలు ఎవరూ రావడంలేదు. నువ్వు వెళ్ళిన రెండోవారం నుంచే రావడం మానేశారు. ఫిడేలు లేకుండా ఒట్టి పియానో ఎవరు వింటారు? నేను కూర్చుని నీ పాటలకి నా చేతి భాగం ఒక్కటే వాయించుకుంటాను, మధ్యలో నీ చోటు ఖాళీగా వదిలేసి. చూసేవాళ్ళుంటే పిచ్చిదనుకుంటారు.

రమ్మని రాయడంలేదు. నేల కోయలేదని మాత్రమే రాస్తున్నాను.

నీ చెయ్యి ఎలా ఉంది? అది ఒక్కటి రాయి.

అక్క


టొరంటో
3 జూన్ 1978

అక్కా,

ముందు చెయ్యి సంగతి.

కార్డిఫ్‌లో ఆ సాయంత్రం భయపడుతూనే స్టేజి ఎక్కాను. నా జేబులో నీ ఉత్తరం, కాలికింద నీ చెక్క. తాత కాదు, నాన్న కాదు, ఎడమ మోకాలు వంగని మా అక్క బూటు అనుకున్నాను. నవ్వొచ్చింది. మడమ ఆ గుంటలో పెట్టి కొట్టాను. అక్కా, నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ పాట వాయించినా పక్కన పియానో దగ్గర నువ్వున్నావు. జనవరి నుంచి నా కాలు పడింది నీ కాలు పడ్డచోటే. తాత వచ్చాడనుకున్నాను గానీ వచ్చింది నువ్వు. ఆ పూట వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదు.

తర్వాత చెక్కని, తాత కుర్చీని మ్యూజియం వాళ్ళు తీసుకుపోయారు. నీ బూటు గుంటని అద్దాలపెట్టెలో పెట్టి, ముట్టుకోరాదని రాశారు. నేను నిన్న ఇక్కడ అద్దెగది నేలమీదే కాలు కొట్టి వాయించాను. చెయ్యి ఆడింది. కింది వాటా ఆవిడ చీపురు కర్రతో పైకప్పు పొడిచింది. అది కూడా తాళంలోనే ఉంది.

ఇప్పుడు బ్రాడ్లీ సంగతి విను. వచ్చే సీజనుకి స్టేజి మీద వంటిల్లు తీసేశాడు. కోళ్ళగూడు కట్టిస్తున్నాడు. గడ్డి పరిచారు, తడికెలు కట్టారు. గ్వెన్ తుమ్ముతూనే హార్పు వాయిస్తోంది. యానిక్ మొదటిసారి అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాడు, కొక్కొరోకో అని. బాండు పేరు కూడా మారుస్తారట. కొనుక్కొచ్చిన కోళ్ళు బ్రాడ్లీకి నచ్చలేదు. "ఎర్ర ఆలన్ పాట విన్న కోళ్ళ సంతతే కావాలి" అన్నాడు. అవి నిజంగా ఆ ఇంటివేనా కాదా చెప్పగలిగేది నేనొక్కణ్ణేనట.

నేనే వెళ్ళి తెస్తానన్నాను.

పెద్ద పంజరం ఒకటి, రైలు టిక్కెట్టు ఒకటి ఇచ్చారు. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు లేదు, కోళ్ళతో లారీలో రావాలి కదా. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, మా కోళ్ళు కొత్తవాళ్ళకి అంత తేలిగ్గా దొరకవనీ, పైగా లైట్లు చూసి బెదిరి ఉన్నాయనీ చెప్పాను. అవి దొరికేదాకా కచేరీలు ఆపుతామని బ్రాడ్లీ ఒట్టేశాడు.

శుక్రవారం సాయంత్రం బండి దిగుతాను. పియానో మీద దుప్పటి తీసెయ్. తివాచీ కూడా తీసి, ఆ చోట కుర్చీ వెయ్యి. తాత కుర్చీ మ్యూజియంలోనే ఉంది, ఏదో ఒక కుర్చీ చాలు. శనివారానికి రాడీకి, ఫాదర్ కెనెత్‌కి కబురు చెయ్యి. ఫోనులోనే చెప్పు, మిగతా పదకొండు ఇళ్ళూ వింటాయి.

ఒక్క సాయం చెయ్యి అక్కా. నేను వచ్చేలోగా కోళ్ళన్నిటినీ గూట్లోంచి తోలెయ్. ఒక్కటి కూడా తొందరగా దొరకనివ్వకు.

నీ తమ్ముడు
లాకీ